ఓనరు కాలమ్

మా సుదర్శన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగం ఉద్యోగి. తార్నాకలో సొంత ఇల్లు. కింద తనూ, భార్య రజిని. పైన కిరాయికిచ్చే గది, చిన్న వంటిల్లు. మంచివాడు. ఎవరైనా టైమెంతని అడిగితే గడియారం కొన్న కథ నుంచి మొదలుపెడతాడు. అది అయ్యేసరికి అడిగినవాడి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

వేసవి నుంచి పై గది ఖాళీ. చూసి పోవడానికి కూడా ఎవరూ రావడం లేదు.

“నీళ్ల మోటరు గురించి నేను గట్టిగ మాట్లాడ్తనని వస్తలేరేమో,” అంది రజిని ఓ పొద్దున.

“నీ నోటికేమైంది, మంచిగనే ఉన్నది గదా.”

“మంచిగుంటే ఒక్క మనిషన్నా రాడా?”

ఆమె మొహం చూస్తే అతనికి జాలేసింది. ఆఫీసుకెళ్లగానే సంగతేమిటో చూశాడు. రీసెర్చ్ విద్యార్థులు గదులు వెతుక్కోవడానికి ఒక వెబ్‌సైటు ఉంది. దాన్ని నడిపేది అతనే. ఏ పేట పేరు కొట్టినా అక్కడి ఇళ్ల వివరాలు కాలమ్‌లుగా వస్తాయి. నీళ్లు, వంటిల్లు, క్యాంపస్‌కి దూరం. చివర్న ‘ఓనరు ఎలాంటివారు’ అన్న కాలమ్. దాన్ని నింపేది ఖాళీ చేసి పోయినవాళ్లు. తన ఇంటికి ఎదురుగా ఇలా ఉంది: ‘మంచోళ్లే. కానీ నోరు ఆగదు. సాయంత్రమైతే చదువు సాగదు.’

సుదర్శన్ మనసు కలుక్కుమంది. పాపం రజిని, ఇది చూస్తే అన్నం ముట్టదు.

చెరిపేద్దామంటే ప్రొఫెసర్ రఘువీర్ ఒప్పుకోడు. వెబ్‌సైటుకు పెద్ద ఆయనే. పిల్లలు రాసినదాని జోలికి పోవద్దని ముందే చెప్పాడు. అందుకని సుదర్శన్ ఒక ఉపాయం పన్నాడు.

“సార్, ఫోన్ల ఇన్ని కాలమ్‌లు పడ్తలేవు. ఎవరికేది కావాల్నో వాళ్లే టిక్కు పెట్టుకుంటే, అవే కనపడ్తయి.”

రఘువీర్ మురిసిపోయాడు. “శభాష్. చూసేటోళ్ల ఇష్టమే మన ఇష్టమయ్యా.”

సుదర్శన్ అన్ని కాలమ్‌లకూ తనే టిక్కులు పెట్టి, ఓనరు కాలమ్‌ని మాత్రం అట్టడుగున, టిక్కు లేకుండా వదిలాడు. అంత కిందిదాకా ఎవడి వేలు పోతుందిలే అనుకున్నాడు.

అన్నింటికీ టిక్కుండి ఒక్కదానికి లేకపోతే వేలు నేరుగా దాని మీదికే పోతుందని అతనికి తట్టలేదు. పిల్లలు ఆ ఒక్కటీ పెట్టుకుని మిగతావన్నీ తీసేశారు. హాస్టల్ మెస్సులో కూర్చుని వారాసిగూడ ఓనర్లనూ, గోల్నాక ఓనర్లనూ పైకి చదువుకుని పొట్టలు పట్టుకున్నారు. గదితో పనిలేనివాళ్లూ వెతికారు. సంగతి ఓనర్లకు తెలిసింది. ఒకాయన ఆఫీసుకు మిస్డ్ కాల్ ఇచ్చి, తిరిగి చేయించుకుని, తనని పిసినారి అని రాసిందెవడో చెప్పమని తిట్టాడు.

రఘువీర్ మాత్రం సంబరపడ్డాడు. “అందరు ఆ కాలమే చూస్తున్నరట గదా సుదర్శన్. దాన్ని మొదట్ల పెట్టు. టిక్కు నువ్వే పెట్టు.”

“సార్, అది...”

“ఆలోచన నీదే గదయ్యా. కింద నీ పేరు గూడ వేద్దాం.”

వేశారు.

ఆదివారం పొద్దున సుదర్శన్ లేచేసరికి రజిని ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది.

“చూసినవా?” అన్నాడు నీరసంగా. “మనసుల పెట్టుకోకు. పిల్లలు, తెలివిలేక రాసిండ్రు. నీకు కనపడొద్దనే దాసిన.”

“ఎవరి గురించి రాసిండ్రనుకున్నరు?”

“ఎవరి గురించంటే...”

“సాయంత్రం నేను మెట్టుగూడల ట్యూషన్ చెప్తుంట గదా. చీకటి పడ్డంక వస్త. మరి పైకి పోయి పిల్లల దగ్గర కూసునేదెవరు?”

సుదర్శన్ చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించడానికి ఇంట్లో అంతమంది లేరు.

“ఒంటరిగ ఉంటరని పలకరించిన, అంతే,” అన్నాడు చివరికి.

“నాకు తెల్వదా,” అంది రజిని. ఇన్నాళ్లూ తన మీద వేసుకున్న బరువు దిగిపోయిందేమో, నవ్వు ఆపుకోలేకపోతోంది. “నేను బాధపడ్తనని దాసిండ్రు గదా. అది చాలు. గది ఖాళీగుంటే ఉండనియ్యండి.”

అప్పుడే గేటు చప్పుడైంది. భుజాన సంచీతో ఒకతను వచ్చాడు. పేరు సామేలనీ, భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాననీ, పై గది కావాలనీ చెప్పాడు.

“ఓనరు కాలమ్ చూసినవా తమ్మీ?” అని రజినే అడిగింది.

“అది చూసే వచ్చిన అక్కా. ఈడ జనం ఎట్ల మాట్లాడ్తరన్నదే నా పరిశోధన. రికార్డు చేస్తనంటే ఎవ్వరు నోరు తెరుస్తలేరు. ఆగకుండ మాట్లాడేటోళ్లు కావాలె నాకు.”

సుదర్శన్ ఛాతీ పొంగింది. సామేలు సామాను పైకి చేరీ చేరకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సామేలు చిన్న రికార్డర్ బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

సుదర్శన్ గొంతు సవరించుకున్నాడు. నీళ్లు తాగాడు.

“ఏం మాట్లాడాలె?” అన్నాడు. బుద్ధెరిగాక అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

“ఏదైనా సరే అన్నా.”

“సుదర్శన్ అనే నేను...” అని ఆగాడు. మంత్రిగా ప్రమాణం చేస్తున్నట్టు చెయ్యి కూడా లేచింది. ఆ తర్వాత మాట రాలేదు.

టీ పట్టుకొచ్చిన రజిని గుమ్మంలో నిలబడి అతని అవస్థ చూసింది. “ఇన్నేండ్లు నాకు సందియ్యలేదు గదా, ఇప్పుడేమాయె?” అంటూ మొదలుపెట్టింది. మోటరు, మెట్టుగూడ ఆటోవాళ్లు, ట్యూషన్ పిల్లల తల్లులు, పెళ్లినాడు తడిసిపోయిన పందిరి. సందు దొరకని మాటలన్నీ వరసకట్టి వచ్చాయి. టీ చల్లారిపోయింది. సామేలు కదలకుండా విన్నాడు. సుదర్శన్ కూడా విన్నాడు. అందులో సగం అతనికి కొత్త.

“రేపు గూడ రండి అక్కా,” అన్నాడు సామేలు.

“మరి నేను?” అన్నాడు సుదర్శన్.

సామేలు మొహమాటపడ్డాడు. “మీరు గూడ రండి అన్నా. టీ తీస్కొని.”