ప్లాటు మీద ఫ్రెంచి గుడారం

రంగారెడ్డి జిల్లాలో ఫ్రెంచి పద్ధతి కుటుంబ శిబిర జీవనం గత డిసెంబరు ఇరవై మూడవ తేదీ ఉదయం పదిన్నర గంటలకు ఒకే ఒక గుడారంతో ప్రారంభమై, నాలుగు రోజులలో ప్రజా ఉద్యమంగా పరిణమించిన సంగతిని చరిత్రకారులు ఇంతవరకు గుర్తించలేదు. ఆ లోపాన్ని సవరించడమే ఈ రచన పరమార్థం.

ఉద్యమ పితామహులు మీర్‌పేట్ వాస్తవ్యులు రామారావు గారు. కృష్ణా తీరం నుంచి వచ్చి స్థిరపడి, ముప్పై అయిదేళ్లు చెరువుల మరమ్మతులకు అంచనాలు వ్రాసి విశ్రాంతి పొందిన ఇంజినీరు. కుమారుడు శ్యామ్‌ను కంపెనీవారు రెండు నెలలు ఫ్రాన్సులోని లియోన్ నగరానికి పంపగా, ఆ అదృష్టం ఒక్కడి పాలు కారాదని భార్య వేదవతిని, కోడలు కిరణ్మయిని వెంటబెట్టుకుని తామూ వెళ్లారు. అక్కడ ఒక నది ఒడ్డున నాలుగు రోజులు గుడారంలో నివసించారు. ప్రతి గుడారానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ పొదలతో గీసిన సరిహద్దు. పొరుగువాడు 'బోఁజూర్' అని తన పని తాను చూసుకుంటాడు. జీతమెంతో, ఇల్లు సొంతమో అద్దెదో అడగడు. ఆ నది ఒడ్డునే రామారావు గారు జీవితంలో తొలిసారి తాము తిన్న పళ్లెం తాము కడుక్కున్నారు. ఆ సన్నివేశానికి పదకొండు ఫొటోలున్నాయి. నలభై ఏళ్లుగా తాను కడుగుతున్న పళ్లేలకు ఒక్క ఫొటో అయినా లేదని వేదవతి అన్నట్టు తెలుస్తోంది గాని, అది రికార్డుల్లోకి ఎక్కలేదు.

స్వదేశంలోనూ ఈ నాగరికతను నెలకొల్పాలని తిరిగిరాగానే రామారావు గారు సంకల్పించారు. స్థలం వెతకనక్కరలేదు. ఇబ్రహీంపట్నం దాటి మంచాల దారిలో 'మేఘమాలికా మెడోస్' అనే వెంచర్లో ఆయనకు పద్దెనిమిదేళ్లుగా ఎనభై ఏడవ నంబరు ప్లాటు ఉంది. కొన్ననాడు చూశారు, మళ్లీ చూడలేదు. సొంత ప్లాటును మాటిమాటికీ చూడబోవడం దానిమీద అపనమ్మకం కలవారి లక్షణం.

ఫ్రాన్సులో మనిషికొక సంచీ సరిపోయింది. ఇక్కడ రెండు మడత మంచాలు, గ్యాసు పొయ్యి, ఇడ్లీ పాత్ర, మూడు ఊరగాయ జాడీలు, కరెంటు లేని చోటికి మిక్సీ వెళ్లాయి. ప్రకృతితో మమేకం కావాలంటే చట్నీ ఉండాలి.

అక్కడ చేరి చూస్తే బ్రోషరులోని నలభై అడుగుల రోడ్డు లేదు, పిల్లల పార్కు లేదు, క్లబ్ హౌస్ లేదు. ఈ మూడింటి మీదా ఏకంగా కంది చేను ఉంది. అది బుగ్గమ్మది. ఆ భూమిని ఆమె మామ ఏనాడో అమ్మేశాడు. కొన్నవారెవరూ రాకపోవడంతో నేల పాడుపడరాదని ఆమె పదకొండేళ్లుగా దున్నుతోంది. కాయ ఎండుతోంది, కోతకు ఇంకా పదిహేను రోజులు. ఏడాదంతా ఆ ఇంటి పొయ్యి మీద ఉడికే పప్పు అదే. ఎనభై ఏడవ నంబరు రాయి ఎక్కడుందో భూమండలం మీద ఆమె ఒక్కతెకే తెలుసు. దాని మీదే ఏటా కొడవలి నూరుకుంటుంది. అది సరిగ్గా చేను నడుమ ఉంది.

గుడారం భుజాన వేసుకుని రామారావు గారు చేలో అడుగు పెట్టబోగా ఆమె అడ్డం వచ్చింది.

“చేన్లకు దిగకుండ్రి సార్, పాములుంటయ్. మీది ఎంత నంబరు?”

ఆయన చెప్పారు.

“ఎనభై ఏడా? గిక్కడ కాదు సార్. గా కట్ట పక్కపొంటి సాపుగ ఉన్నదే, గదే మీది. మస్తు గాలి గూడ వస్తది. రాండ్రి, చూపిస్త.”

ఆమె చూపినది కుంట శిఖం. అనగా వానాకాలంలో నీళ్లు నిలిచే సర్కారు నేల. పగుళ్లు దేరిన ఒండ్రు, నత్త గుల్లలు, అంచున మిగిలిన నీటిలో కొంగలు. ముప్పై అయిదేళ్లు ఇలాంటి నేలకే అంచనాలు వ్రాసిన ఇంజినీరు ఆ నత్త గుల్లలను ఒక క్షణం పరకాయించి, కొంగల వైపు తిరిగి, “లేక్ వ్యూ” అన్నారు.

గుడారం లేచింది. కిరణ్మయి ఫొటో తీసి 'మన నేల మీద మన గుడారం' అని ప్లాటు యజమానుల వాట్సాప్ బృందంలో పెట్టింది. అటువంటి ఫొటో ఫ్రాన్సులో ఎవరికైనా అందితే ఒక గుండె గుర్తు పెట్టి ఊరుకుంటారు. మనవారు వివేకులు. సొంత ప్లాటులో ఊరికే పడుకునేవాడు ఉండడని, అయితే కబ్జా భయమైనా ఉండాలి, లేదా ధర పెరిగే కబురైనా అందివుండాలని గంటలో తేల్చారు. మర్నాటికి ముప్పై గుడారాలు, క్రిస్మస్ దాటేసరికి నూట పన్నెండు. గుడారాలు దొరకనివారు పెళ్లి షామియానాలు, వడ్లు కప్పే టార్పాలిన్లు తెచ్చారు. ఎవరి ప్లాటు ఎక్కడో ఎవరికీ తెలియదు గనుక అందరూ బుగ్గమ్మనే అడిగారు. ఆమె ఒక్కొక్కరినీ అక్కా, అన్నా అని పిలిచి, మూల ప్లాటు కావాలన్నవారికి మూల, తూర్పు ముఖం కావాలన్నవారికి తూర్పు ముఖం శిఖంలోనే పంచిపెట్టింది. చేలోకి ఒక్క చెప్పూ దిగలేదు.

ఒక మధ్యాహ్నం వేదవతి ఆమెను పక్కకు పిలిచింది.

“నిజం చెప్పు బుగ్గమ్మా. ఇది మా ప్లాటేనా?”

“మీకు గీడ మంచిగ లేదా అమ్మా?”

వేదవతి కట్ట మీద కూర్చుని పళ్లేలు తోముతున్న భర్త వైపు చూసింది. “బాగానే ఉంది” అంది.

“అయితే మీదే.”

శిఖంలో గుడారాలు లేచాయన్న కబురు అంది, నాలుగవ రోజు సర్కారు సర్వేయరు మనోజ నక్షతో, అనగా ఊరి భూముల పటంతో, వచ్చింది. బుగ్గమ్మ గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడిపోయింది.

“మీరందరు ఉన్నది కుంట శిఖంల సార్” అని మనోజ చెప్పింది. “మీ ప్లాట్లు గీడ లేవు. గా కంది చేన్ల ఉన్నయి.”

నూట పన్నెండు కుటుంబాలు ఒక్కసారిగా చేను వైపు తిరిగాయి. అప్పటికి వారు వెదురు కంచెలు నాటుకున్నారు, గుడారాలకు ఈశాన్యం చూసి గుమ్మాలు మార్చుకున్నారు, కొబ్బరికాయలు కొట్టారు, కొందరు ప్రార్థన చేయించారు. యజమానుల సంఘం అధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు సాల్మన్ రాజు గారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మా, నక్ష అనునది ఒక మానవుడు గీసిన గీత. నూట పన్నెండు కుటుంబాలు సకుటుంబంగా శయనించిన స్థలం సత్యం. గీతలో పొరపాటు దొర్లవచ్చు, సత్యంలో దొర్లదు. కావున స్థలమును గాక నక్షనే సవరించవలసిందిగా కోరుతున్నాము.”

చప్పట్లు మోగాయి. చేనులో కొంగలు లేవు, గాలి రాదు, పైగా పాములున్నాయి. అందుచేత సదరు కంది చేనుతో తమకు ఎటువంటి సంబంధమూ లేదని అప్పటికప్పుడు ఒక కాగితం వ్రాశారు. మొదటి సంతకం ఇంజినీరు గారిది.

“సార్, గా కాయితం జిరాక్సు నాకొకటి ఇయ్యుండ్రి” అని బుగ్గమ్మ అడిగింది. ఇచ్చారు. కాయ ఎండగానే కంది కోసుకుంది.

నాలుగు రోజులు గుడారం వేస్తే ఫ్రెంచివాడికి జ్ఞాపకాలు మిగులుతాయి. మనకు హక్కులు సంక్రమిస్తాయి. నక్ష సవరణ దరఖాస్తు ప్రస్తుతం పరిశీలనలో ఉంది. జూన్‌లో కుంట గనుక తమ ప్లాట్లలోకి అక్రమంగా చొరబడితే దానిపై తగు చర్య తీసుకోవాలని సంఘం ముందుగానే తీర్మానించింది.

పాఠకులు నవ్వుతున్నట్టున్నారు. సంతోషం. మీకూ ఊరవతల ఒక ప్లాటు ఉండే ఉంటుంది. అది మీదేనని, ఆనాడు, చేయి చాపి చూపించినదెవరు?