వనపర్తి బస్సు రద్దు

పాన్‌గల్‌ దగ్గరి ఒక చిన్న ఊళ్లో ఇంగ్లీషు టీచర్‌ ప్రేమలతకు ఆ సోమవారం పొద్దున ఒక ఆలోచన వచ్చింది. బడికి వెళ్తూ బస్టాపు గోడ మీది నల్లబోర్డుపై రోజుకో ఇంగ్లీషు మాట, పక్కనే తెలుగు అర్థం, అక్షర క్రమంలో రాయాలని. బస్సు కోసం చూసే పిల్లలకు నాలుగు మాటలు వస్తాయని ఆమె ఆశ. బోర్డు పైభాగాన పెయింటుతో ‘వనపర్తి బస్సు’ అని ఉంది. దాని కింది టైములు ఎప్పుడో చెరిగిపోయాయి.

సోమవారం ‘ఎబిలిటీ - సామర్థ్యం’, మంగళవారం ‘ఏబుల్‌ - చేయగల’. బస్సుకు సామర్థ్యం ఉందంటే ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. బుధవారం పాత మాట చెరిపి ‘అబాలిష్‌ - రద్దు’ అని రాసి బడికి వెళ్లిపోయింది.

దవాఖానకు బయల్దేరిన బాలనాగమ్మకు చదువు రాదు. కొత్తగా ఏం రాశారని పక్కనున్న మాసయ్యను అడిగింది. మాసయ్య ఇంగ్లీషు వదిలేసి తెలుగు మాత్రం కూడబలుక్కున్నాడు.

“వనపర్తి బస్సు... రద్దు.”

ఊరికి ఉన్నది ఆ ఒక్క బస్సే. అరగంటలో నలభై మంది రోడ్డు మీద బైఠాయించారు. పది గంటలకు ఆ బస్సే వచ్చి వాళ్ల ముందు ఆగింది. డ్రైవర్‌ నాగేశ్‌ దిగి సంగతి అడిగితే, బస్సు రద్దు చేసినందుకు ధర్నా అన్నారు. మరి ఇదేమిటని అతను బస్సును చూపించాడు.

“రద్దయిన బస్సుకు తొందరేంది బిడ్డా,” అంది బాలనాగమ్మ. “జర పక్కకు పెట్టుకో. మా సంగతి తేలినంక పోదువు.”

కబురు వెళ్లగానే ప్రేమలత పరుగున వచ్చింది. అది పాఠమని, మాటలు వరుసలో వస్తాయని చెప్పింది. పాఠమే అయితే తర్వాతి మాట రాసి చూపమన్నాడు మాసయ్య. ఆమె పాతది చెరిపి ‘అబౌట్‌ - గురించి’ అని రాసింది. బస్సు గురించి ఏదో దాస్తున్నారని జనం గొణిగారు. చెమట తుడుచుకుంటూ ఆమె దాని కింద ‘అబవ్‌ - పైన’ అని రాసింది.

“ఇగో, ఆర్డర్‌ పైనుంచే వచ్చిందంట,” అన్నాడు మాసయ్య.

ప్రేమలత సుద్దముక్క కింద పెట్టేసింది.

ఇంతలో, బస్సు ఆగిపోయిందని తెలిసి డిపో అధికారి జీపులో వచ్చాడు. రోడ్డు నిండా జనాన్ని చూసి ఆయన బిత్తరపోయాడు. ఎక్కేవాళ్లు లేరని ఈ బస్సు తీసేయాలన్న కాగితం నిజంగానే ఆయన సంచిలో ఉంది. ఇంకా సంతకం కూడా కాలేదు, ఈ సంగతి మీకెవరు చెప్పారని అడిగాడు. నలభై తలకాయలూ ప్రేమలత వైపు తిరిగాయి.

బస్సుకు ఇంత గిరాకీ ఉందని తనకు తెలియదన్నాడాయన. తీసేయడం మాట అటుంచి, రేపటి నుంచి ఉదయం ఆరింటికి ఇంకో బస్సు వేయిస్తానని మాటిచ్చి వెళ్లిపోయాడు.

బాలనాగమ్మ టీచరు చేతులు పట్టుకుంది. “నువ్వు రాయకుంటే మాకు తెల్వకుండనే తీసేసేటోళ్లు, టీచరమ్మా. ఇట్లాంటివి ఏమన్న ఉంటే జర ముందుగాల చెప్తుండు.”

ప్రేమలత బోర్డు మీది మాటలు రెండూ చెరిపేసి బడి వైపు నడిచింది.

మర్నాడు ఆరింటి బస్సులో నాగేశ్‌, కండక్టరు తప్ప ఎవరూ లేరు.