ఎడమకి ఒరిగిన విమానం

షాపు తెరిచేలోపు అరగంటలో తేలిపోయే పని అని లెక్కేసుకుని, పాత సామాన్ల వ్యాపారి పొద్దున్నే అన్నగారి గదిలో అడుగుపెట్టాడు. అన్న పోయి నాలుగు నెలలు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన ఆ మనిషి, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం మాటే వినడం మొదలెట్టాక, కంప్యూటర్లో యుద్ధవిమానాలు నడపడం నేర్చుకున్నాడు. ఆ విమానాలని తిప్పే పిడి, జాయ్‌స్టిక్, ఇప్పుడు బల్ల మీద దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"దాన్ని చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు మరిదీ. ఇవాళ తీసుకెళ్లిపో," అంది వదిన.

"ముందు పనిచేస్తుందో లేదో చూడాలి వదినా. పనిచేయనిది నా షాపులో పెట్టను."

అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. దాన్ని షాపుకి తీసుకెళితే ఎవరిదని అడుగుతారు. అన్న పోయాడన్న మాట నాలుగు నెలలుగా అతని నోట రాలేదు. ఎవరైనా కుశలం అడిగితే, "ఇంట్లోనే ఉన్నాడు" అనేసి బేరంలోకి దిగిపోయేవాడు. నష్టం పైకి చెప్పనంతకాలం అది ఖాయం కానట్టే అని అతని లెక్క.

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర వెలిగింది. 'స్టిక్ మీద నుంచి చెయ్యి తీయండి. అది నిటారుగా నిలబడ్డాక బటన్ నొక్కండి' అని ఉంది. చెయ్యి తీయడమా? బేరం తెగేదాకా సరుకు మీద నుంచి చెయ్యి తీయకపోవడం అతని పాతికేళ్ల అలవాటు. గట్టిగా పట్టుకునే బటన్ నొక్కాడు. ఆ పట్టులో స్టిక్ కాస్త కుడికి వాలింది. కంప్యూటర్ పాపం అదే నడిమధ్య అని నమ్మేసింది.

పరీక్షగా ఆట తెరిచాడు. అన్న ఖాతాతో విమానం దానంతటదే గాల్లోకి లేచి, అతను స్టిక్ వదిలి ఉండగానే ఎడమకి ఒరిగిపోయింది. ఆ వెంటనే స్పీకర్లలోంచి, ఎక్కడెక్కడి నుంచో అదే ఆట ఆడుతున్న నలుగురైదుగురి గొంతులు.

"ఒరేయ్, అటు చూడండ్రా! ఎప్పుడూ ఎడమకే వాలే ఆ ఒరుగుడు ఇంకెవరికొస్తుంది? పెద్దాయనా!"

"ఇన్నాళ్లూ ఎక్కడ తిరుగుతున్నారండీ బాబూ?"

వ్యాపారి బిగుసుకుపోయాడు. కాదని చెప్పాలి. చెబితే మిగతాదీ చెప్పాలి. అందుకని మైకులో, "ఊఁ" అన్నాడు. అతని జన్మలో అంత నష్టానికి కుదిరిన బేరం లేదు.

"కుడికి లాగండి పెద్దాయనా, నా మీదికొస్తున్నారు!"

లాగాడు. లాగడంలో వేలు తూటాలు పేల్చే మీట మీద పడి, ముందు పోతున్న సొంత దళనాయకుణ్ణి కూల్చేసింది. కంగారులో "క్షమించండి" అంటూ మళ్లీ నొక్కాడు. రెండోది కూలింది. మూడోవాడు తప్పించుకోబోయి కొండకి కొట్టుకున్నాడు.

"ఏం పర్లేదండీ, మాకు అలవాటేగా!" అని చచ్చినవాళ్లు ముగ్గురూ నవ్వారు. ఆ గోలకి వంటింట్లోంచి వదిన తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

నవ్వులు తగ్గాక, అందరూ టీచరమ్మా అని పిలిచే ఆవిడ మెల్లగా అడిగింది. "రేపు కూడా వస్తారా పెద్దాయనా?"

దానికి ఊఁ కొట్టడం అతనివల్ల కాలేదు.

"నేను ఆయన్ని కాదమ్మా. తమ్ముణ్ణి. అన్నయ్య..." స్టిక్ మీద నుంచి చెయ్యి తీశాడు. "అన్నయ్య పోయాడమ్మా. నాలుగు నెలలైంది."



"తెలుసండీ," అంది టీచరమ్మ.

"నేనే చెప్పాను మరిదీ," అంది వదిన వెనకనుంచి. "ఆ వారమే, ఈ మైకులోనే. ఎవరికీ చెప్పందల్లా నువ్వే."

"మరి తెలిసీ పెద్దాయనా అన్నారేంటమ్మా?"

"విమానం ఎడమకి ఒరిగింది కదండీ. రెండు నిమిషాలు అలా అనుకుందామనిపించింది. ఆపైన మీరు కూడా ఊఁ అన్నారు."

వ్యాపారి బల్ల మీద తలవాల్చి, నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చేశాడు. వదిన తడిచెయ్యి అతని వీపు మీద వేసింది. స్పీకర్లలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

"దీన్ని తీసుకెళ్తావా?" అని చాలాసేపటికి అడిగింది వదిన.

"షాపులో చోటు లేదు వదినా."

"తమ్ముడుగారూ, రేపు ఆరున్నరకి మరి," అన్నాడు కూలిపోయిన దళనాయకుడు.

మరునాటి నుంచి ఆ దళానికి శత్రువుల వల్ల జరిగే నష్టం ఎప్పుడూ ఉండేదే. వ్యాపారి వల్ల జరిగేది అదనం.