టెక్సాస్ ప్లేటు, వర్జీనియా పన్ను

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు హెర్న్‌డన్‌లో నేరం చేసి తప్పించుకోవడం అసాధ్యం. కారణం ఒక్కటే. ఆ ఊళ్లో నేనున్నాను.

నా పేరు డాక్టర్ శేషగిరి. ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక, ప్రపంచం నా మేధస్సుని వృథా చేసుకోకూడదని అపరాధ పరిశోధనలోకి దిగాను. మనుషుల్ని నిద్రపుచ్చే విద్య అందుకెలా పనికొస్తుందని మా ఆవిడ నాగమల్లేశ్వరి అడుగుతూ ఉంటుంది. "అవున్లెండి, మీరు కేసు గురించి చెప్పడం మొదలుపెడితే ఎదుటివాళ్లు వాళ్లంతట వాళ్లే నిద్రపోతారు" అని జవాబు కూడా తనే చెబుతుంది. ఆ మధ్య గుడి దగ్గర మాయమైన చెప్పుల కేసు ఛేదించింది నేనే. అవి నా కాళ్లకే దొరికాయనేది వేరే సంగతి.

ఇక అసలు కేసు. మా ఎదురింటి బేస్‌మెంట్‌లో అఖిల్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అద్దెకుంటున్నాడు. అతనికో తెల్ల ఎలక్ట్రిక్ కారుంది. ఒకరోజు పొద్దున్న మా ఆవిడతో వాకింగ్ చేస్తుంటే ఆ కారు ముందు నా అడుగులు ఆగిపోయాయి. మామూలు కళ్లకి కనిపించని ఒక భయంకర సత్యం నాకు కనిపించింది.

"మల్లేశ్వరీ, ఈ అఖిల్ టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఎప్పుడొచ్చాడు?"

"దసరాకి. ఏం?"

"ఉగాది కూడా వెళ్లిపోయింది. కారుకి ఇంకా టెక్సాస్ నంబరు ప్లేటే ఉంది."

"ఉంటే?"

పాపం, ఆవిడకేం తెలుసు. నడక సాగిస్తూ గొంతు తగ్గించి వివరించాను. పెట్రోలు కొట్టించేవాడు రోడ్డు పన్ను పెట్రోలు ధరలోనే కట్టేస్తాడు. మన ఎలక్ట్రిక్ కార్లు బంకు మొహం చూడవు కాబట్టి, రోడ్డు వాడుకున్నందుకు రాష్ట్రాలు విడిగా రుసుము వేస్తున్నాయి. టెక్సాస్‌లో అంతటితో సరి. వర్జీనియాలో ఆ రుసుము కాక, కారు నీ సొంతమైనందుకు కౌంటీ వాళ్లు, అంటే మన జిల్లా లాంటివాళ్లు, ఏటా మళ్లీ పన్ను వేస్తారు, ఇంటికి వేసినట్టు. అందుకే కొత్తగా వచ్చినవాడు నెల తిరిగేలోగా ఇక్కడి ప్లేటు తీసుకోవాలి.

"అంటే ఈ కుర్రాడు మన రోడ్లు అరగదీస్తూ టెక్సాస్‌కి కప్పం కడుతున్నాడు. ఇది అంతర్రాష్ట్ర కుట్ర."

"కుట్రా లేదు, పాడూ లేదు. బద్ధకం అయుంటుంది."

"బద్ధకస్తుడు రోజూ కారు కడగడు. ప్లేటుని మరీ మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు, గమనించావా? కౌంటీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. ఒక్క ఫోటో జత చేసి బటన్ నొక్కితే చాలు."

మా ఆవిడ నడక ఆపేసింది. "ఏవండీ, వాడి భార్య శ్రీవిద్య హైదరాబాద్‌లో ఇరుక్కుపోయి ఎన్నాళ్లయిందో తెలుసా? ఈ గురువారం కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. పాస్‌పోర్టు మీద ఆ వీసా స్టాంప్ పడితేనే ఆ పిల్ల వస్తుంది. వాడసలే తిండి మానేసి తిరుగుతున్నాడు. ఇప్పుడు మీరు వాడి నెత్తిన పన్ను కేసు పడేసి, ఆ పిల్ల రావడం ఆగిందంటే, మీకు మన ఇంట్లో వంట ఉండదు."

"న్యాయానికి ఆకలి ఉండదు మల్లేశ్వరీ."

"మీకుంటుంది."

కాదనలేను. అయినా అసలైన పరిశోధకుడు కడుపుతో ఆలోచించడు. ఫిర్యాదు సంగతి తర్వాత, ముందు నిందితుణ్ణి వెంబడిద్దామని నిర్ణయించుకున్నాను.

ఇక్కడో ఇబ్బంది వచ్చింది. వర్జీనియాలో ఆ రోడ్డు రుసుముని ఏడాదికోసారి మొత్తంగా కట్టకుండా, నడిపిన మైళ్ల లెక్కన కట్టే వెసులుబాటు ఉంది. రిటైరైన మనిషి ఎక్కడికెళ్తాడులే అని మా ఆవిడ నా ఎలక్ట్రిక్ కారుని అందులో చేర్పించింది. దాంతో అఖిల్ ఆఫీసుకెళ్తే నాకు మైళ్లు, కూరగాయలకెళ్తే నాకు మైళ్లు, గుడికెళ్తే నాకు మైళ్లు. పన్ను దొంగని పట్టుకోవడం కోసం పన్ను కట్టుకుంటూ తిరిగాను. నేను తేల్చిందల్లా వాడు కొత్తిమీర రెండు కట్టలు కొంటాడనీ, గుడిలో ఎక్కువసేపు కూర్చుంటాడనీ.

మంగళవారం సిగ్నల్ దగ్గర వాడు కారు దిగి, నా కిటికీ దగ్గరకొచ్చాడు.

"అంకుల్, తొవ్వ తప్పిండ్రా? పొద్దుగాల్నుంచి గీడనే తిరుగుతున్నరు. నా ఎనకనే రాండ్రి, ఇంటికి తీస్కపోత."

నల్ల కళ్లద్దాలు, టోపీ, పైకి లేపిన కాలరు, ఇవేవీ వాడిని మోసం చెయ్యలేకపోయాయి. నిందితుడు మెల్లగా ముందు నడుపుతూ, ప్రతి మలుపులోనూ నాకోసం ఆగుతూ, నన్ను భద్రంగా మా ఇంటికి చేర్చి వెళ్లాడు.

బుధవారం సాయంత్రం ఆఖరి అస్త్రం తీశాను. అఖిల్ కారు వీధి వారగా ఆగి ఉంది. ఫోను పట్టుకుని వంగితే ఎవరైనా చూస్తారు. అందుకని నా కారుని సరిగ్గా దాని ముందు ఆపి, రివర్స్ గేరు వేసి, బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాను. రివర్స్ వేస్తే వెనక కెమెరా వెలుగుతుంది కదా. నిందితుడి ప్లేటు దర్జాగా నా తెరమీద ప్రత్యక్షమైంది. ఏ దేశపు గూఢచారికీ రాని ఉపాయం. ఆ సంతోషంలో పక్క సీట్లో ఉన్న జంతికల డబ్బా అందుకుందామని కొంచెం ఒరిగాను.

తెరమీద ప్లేటు పెద్దదవుతూ వచ్చింది. ఆహా, ఏం కెమెరా, దానంతటదే జూమ్ అవుతోంది అనుకున్నాను. ఇంకా పెద్దదైంది. ఒక్కొక్క అంకె అరచేతంత అయ్యాక ధబ్బుమని చప్పుడైంది. జంతికలన్నీ నా ఒళ్లో పడ్డాయి.

దిగి చూస్తే అఖిల్ కారు బంపరు పగిలి, ప్లేటు అప్పడంలా మడతపడి రోడ్డుమీదుంది. వాడు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. వాడు ఆ ప్లేటు చేతిలోకి తీసుకుని పేవ్‌మెంట్ మీద కూలబడ్డాడు.

"అఖిల్, రిపేరు ఖర్చంతా నాదే బాబూ."

"కారుదేముంది అంకుల్. ప్లేటు. దీని అంకెలు కలిపితే తొమ్మిది. ఇర్వింగ్‌ల ఇది బిగించిన వారంలనే నాకు హెచ్-వన్ వీసా లాటరీ తగిలింది. శ్రీవిద్య వచ్చేదాంక దీన్ని తియ్యకు బిడ్డా అన్నది మా అమ్మ. ఇంకో నాలుగు గంటలైతే ఆడ ఇంటర్వ్యూ."

"అంటే పన్ను ఎగ్గొట్టడానికి కాదా?"

"పన్నా? ఎన్కటియి కలిపి కట్టమన్నా కడ్త అంకుల్. ఆమె వస్తె సాలు."

సిగ్గుతో తల దించుకుంటే చొక్కా మీద జంతికలు కనిపించాయి. ఇన్ని రోజులు వెంట తిరిగి, గుడిలో వాడు ఎవరికోసం అంతసేపు కూర్చున్నాడో కనుక్కోలేని దద్దమ్మని నేను. మా ఆవిడ వచ్చి వాడి చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకెళ్లి, పప్పుచారు కలిపి దగ్గర కూర్చుని తినిపించింది. నాకేసి చూడలేదు. ఆ రాత్రి నేను తినలేదు, ఆవిడ పెట్టలేదు కూడా.

పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. ఎదురుగా అఖిల్, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయిపోయింది, నా వల్లే అనుకున్నాను.

"అంకుల్, అప్రూవ్ అయింది. మూడే ప్రశ్నలడిగిండ్రట."

నేను ఏడిచానని మా ఆవిడ అందరికీ చెబుతోంది. అది జలుబు. అఖిల్ చేతిలోని ఫోన్లో వాళ్లమ్మగారు చేతులు జోడించి కనిపించారు.

"మీ చెయ్యి సల్లగుండ సారూ. ఆ ప్లేటుకే దిష్టి తగిలినట్టున్నది, అందుకే పిల్ల రాక ఇన్నొద్దులు ఆగింది. మీరు గుద్దిండ్రు, దిష్టి వోయింది."

మడతపడ్డ ప్లేటుకి బదులు కొత్తది టెక్సాస్ వాళ్లు పంపాలంటే అక్కడి అడ్రసు కావాలి. అది వాడికి లేదు. అంచేత ఆ రోజే వర్జీనియా ప్లేటు తీసుకుని, రోడ్డు రుసుము కట్టి, కౌంటీలో కారుని నమోదు చేయించి వచ్చాడు. కేసు ఛేదించేశానని మా ఆవిడకి ప్రకటించాను.

"మీరు ఛేదించింది కేసుని కాదు, బంపరుని" అంది, ఇడ్లీ వడ్డిస్తూ.

కథ ఊరంతా పాకింది. డిటెక్టివ్‌గా నాకు ఇంతవరకూ ఒక్క ఫోనూ రాలేదు కానీ, శనివారం పక్క వీధి భవిత కారేసుకుని మా ఇంటికొచ్చింది.

"అంకుల్, సోమవారం మా తమ్ముడికి వీసా స్టాంపింగ్. మీరొకసారి వెనక్కొచ్చి మా ప్లేటుకి కాస్త తగిలించాలి. గట్టిగా వద్దు, లీజు కారు."

"అమ్మా, నేను సైన్సు చదివినవాణ్ణి. ఇలాంటివి నమ్మను."

"మీరు నమ్మక్కర్లేదంకుల్. రివర్స్ చేస్తే చాలు."

సాయానికి మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి నా వెనక చక్రం కింద పెడుతోంది. నేరస్థుల పాలిటి సింహస్వప్నమైన నేను, అద్దంలో ఒకసారి మీసం సర్దుకుని, మెల్లగా రివర్స్ గేరు వేశాను.