అధ్యక్షులవారి తెల్లపళ్లు

నల్లమద్ది చెట్లు దట్టంగా పెరిగిన ఒక పెద్ద అడవిలో అంబుజమ్మ అనే కొండముచ్చు పళ్ల డాక్టరుగా ఉండేది. హస్తవాసి మంచిది, మాట నిజం. ఈ రెండో గుణం వల్లే ఆమె పెద్దగా పైకి రాలేదు.

ఒకనాడు వన పరిషత్తు నుంచి ఆమెకు కబురొచ్చింది. పరిషత్తు అధ్యక్షుడు శార్దూలప్ప అనే పులి. వారం వారం అర్జీలు తీసుకుంటానని ఐదేళ్లుగా కూర్చుంటున్నా ఒక్క జంతువూ ఆయన దగ్గరికి రాలేదు. ఎన్నికలేమో నెలలో పడ్డాయి. కారణం కనుక్కోమంటే కార్యదర్శి దుమ్ములగొండి అడవంతా తిరిగి నివేదిక రాశాడు. అసలు కారణం రాస్తే ముందు ఉద్యోగం ఉండదని, ఆ వెంటనే తానూ ఉండనని అతనికి తెలుసు. అందుకని, "తమరి పళ్లు పచ్చగా ఉన్నందున ప్రజలు రాలేకపోతున్నారు" అని రాశాడు.

అంబుజమ్మ పెట్టె పట్టుకుని వెళ్లింది. శార్దూలప్ప నోరు తెరిచాడు. ఆమె రంగుల పట్టీ పళ్ల పక్కన పెట్టి చూసింది. తెలుపు నుంచి ముదురు పసుపు దాకా ఉన్న పదహారు రంగుల్లో ఆయనది పదిహేనోది. ముందు గార గీకుదామని కోరపంటి దగ్గర మొదలుపెడితే సందులోంచి కుందేలు బొచ్చు ఊడొచ్చింది.

పోయిన వారం ఒక కుందేలు తప్పిపోతే పరిషత్తు విచారణ సంఘం వేసింది. ఆ సంఘానికీ అధ్యక్షుడు శార్దూలప్పే.

"ఏమిటది?" అన్నాడాయన.

"గారండయ్యా," అంది అంబుజమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

తరవాత చిగుళ్లకు మందు తగలకుండా పూత వేసింది. పళ్లకు తెల్లబరిచే మందు రాసి నీలం దీపం పెట్టింది.

"ఈ మందేం చేస్తుంది?" అని కార్యదర్శి అడిగాడు.

"పంటి పైపొరలోకి ఇంకి, లోపల పేరుకున్న మరకను సన్నసన్న ముక్కలు చేస్తుందండి. అప్పుడది కంటికి ఆనదు."

"అంటే మరకను బయటికి లాగదా?"

"లాగదండి. కనపడకుండా చేస్తుంది."

"అచ్చం మన విచారణ సంఘంలాగే," అన్నాడు కార్యదర్శి మెచ్చుకోలుగా.

పావుగంటకోసారి తుడిచి, మళ్లీ రాసి, మూడు విడతలు ముగించింది. పళ్లు జాజిపూలలా అయ్యాయి. కార్యదర్శికి చాల్లేదు.

"ఇంకా చేస్తే జివ్వుమంటాయండి," అంది అంబుజమ్మ.

"ఓటింగు పెడదాం," అన్నాడు కార్యదర్శి. ఆమె ఒక్కతే ఓడిపోయింది. జివ్వుమంటే తన పూచీ లేదని రాసిన కాగితం మీద పులి పంజా ముద్ర వేయించుకుని, ఇంకో రెండు విడతలు రాసింది.

"రెండు రోజులు రంగున్నదేదీ ముట్టకూడదయ్యా. టీ, పసుపు, నేరేడుపళ్లు..."

"నెత్తురు?"

"అది మరీ ముదురు రంగండి."

ఇంటికెళ్తూ అడిగినవాళ్లందరికీ అంబుజమ్మ ఉన్నమాటే చెప్పింది, అధ్యక్షులవారు రెండు రోజులు వెదురుబియ్యపు అన్నమే తింటారని. తెల్లారేసరికి పరిషత్తు మైదానం అర్జీదారులతో నిండిపోయింది.

ముందుగా తిమ్మక్క అనే ముసలి దుప్పి లేచింది. "అయ్యా, మా నీళ్లగుంట చుట్టూ ఈ కార్యదర్శిగారు కంచె వేసుకున్నారు."

'తరవాత చూద్దాం' అందామని శార్దూలప్ప నోరు తెరిచాడు. కొండగాలి పళ్లకు కొట్టింది. నడినెత్తి దాకా జివ్వుమంది. టక్కున నోరు మూసుకుని తల ఊపాడు.

"ఒప్పుకున్నారు!" అని మైదానమంతా అరిచింది. కంచె తీసేయాలన్న ఉత్తర్వు కార్యదర్శే తన చేత్తో రాసుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి ఇంకో ఇరవై రెండు అర్జీలు అలాగే తేలిపోయాయి. నోరు తెరవడం, జివ్వుమనడం, తల ఊపడం. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే, "మన కష్టాలకు కంటతడి పెట్టారు," అని ఉడతలు చెప్పుకున్నాయి. గుంపులో నిలబడ్డ అంబుజమ్మ డాక్టరుగా జాలి తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించింది. రాలేదు.

మూడోనాటికి నొప్పి తగ్గింది. శార్దూలప్ప మూడు గంటలు మాట్లాడాడు. ఇరవై మూడు ఉత్తర్వులూ పరిశీలనలోకి వెళ్లిపోయాయి. సాయంత్రానికి నీళ్లగుంట చుట్టూ కంచె మళ్లీ లేచింది.

మర్నాడు అంబుజమ్మ తలుపు తీసేసరికి బయట పొడుగాటి వరస. అందరికన్నా ముందు తిమ్మక్క.

"పంటి నొప్పా తిమ్మక్కా?"

"మాక్కాదు తల్లీ. ఆయనకు మళ్లీ ఎప్పుడు చేస్తావు?"

"ఏడాదైనా ఆగాలి. మాటిమాటికీ చేస్తే పళ్లు పాడైపోతాయి."

తిమ్మక్క వెనక్కి తిరిగి వరసను చూసింది. అందరూ తలలూపారు.

"మాకేం అభ్యంతరం లేదమ్మా," అంది.

అంబుజమ్మ పుస్తకం తీసి, వచ్చే సోమవారం కింద అధ్యక్షులవారి పేరు రాసుకుంది.

నీతి: ఏలేవాడి పళ్లు తెల్లగా ఉండక్కర్లేదు, జివ్వుమంటూ ఉంటే చాలు.