స్వహస్త సూది పథకం

"ఇకపై మన పాలనలో ఎవరి సూది వారే పొడుచుకుంటారు!" అని ఆరోగ్య మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. విలేకరులు మొహమొహాలు చూసుకున్నారు. విటమిన్ సూది కోసం ఆస్పత్రిలో క్యూ కట్టడం ప్రజల ఆత్మగౌరవానికి మచ్చట. తొలి సూది మంత్రిగారే, తమ తొడకే, అందరి ఎదుటా పొడుచుకుంటారట. ఆ తర్వాత ఇంజెక్షన్ గదులూ ఉండవు, వాటిలో నర్సులూ ఉండరు.

వెనకాల ఫైళ్ళు మోస్తూ పీఏ నిలబడి ఉన్నాడు. అతని పెళ్ళాం పెద్దాస్పత్రి ఇంజెక్షన్ గదిలో నర్సు. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆవిడ ఉద్యోగం మీదే.

కారులో నసిగాడు. "సార్, మా ఆవిడ..."

"తెలుసయ్యా. నాకు నేర్పమను. డెమో అదిరిందా, మీ ఆవిడ పోస్టుకి నాదే పూచీ."

నిజానికి మంత్రిగారికి ఆ సూది అవసరమే. అరికాళ్ళు తిమ్మిరెక్కి మెట్టు ఎక్కడుందో తెలియడం లేదు. డాక్టరు బీట్వెల్వ్ విటమిన్ సూది రాసి చాలాకాలమైంది. సూదంటే హడలని చెప్పుకోలేక, ప్రజాసేవలో తీరిక దొరకడం లేదని చెబుతూ వచ్చారు.

సాయంత్రం నర్సు బంగళాకి వచ్చి బల్లమీద కొత్త స్పాంజి పెట్టింది.

"ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి సార్."

"నేను మంత్రినమ్మా."

"అయినా కడుక్కోండి."

తొడకి బయటివైపు, మధ్యలో పొడవాలంది. స్పిరిట్ దూదితో తుడిచాక ఆరేదాకా ఆగాలి, నోటితో ఊదకూడదు. సూది నిటారుగా ఒక్క ఊపులో దిగాలి, మందు మాత్రం నిదానంగా ఎక్కించాలి. మంత్రిగారు స్పాంజిని పొడిచి పొడిచి ఆరితేరారు. అది కిక్కురుమనలేదు. ప్రజల్లాగే చక్కగా సహకరిస్తోందని మెచ్చుకున్నారు కూడా.

"ఇక మీ తొడకి కానివ్వండి సార్" అంది నర్సు.

మంత్రిగారికి అర్జంటు మీటింగు గుర్తొచ్చింది. మర్నాడూ గుర్తొచ్చింది.

డెమో రోజు వేదిక వెనక గదిలో ఆయన పీఏ చెయ్యి పట్టుకున్నారు. "నావల్ల కాదయ్యా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

పీఏకి పెళ్ళాం పోస్టు కళ్ళముందు కదిలింది. స్పాంజి కోసి, ఒంటిరంగు పట్టీ చుట్టి, మంత్రిగారి తొడకి బిగించాడు. అక్కడికి సరిగ్గా ప్యాంటుకి కిటికీ కత్తిరించాడు.

వేదికమీద మంత్రిగారు చేతులు కడిగారు, తుడిచారు, ఆగారు, పొడిచారు. కనురెప్ప కదిలితే ఒట్టు! చప్పట్లకి టెంటు అదిరింది. మహిళా విభాగం అధ్యక్షురాలు కళ్ళొత్తుకుంది. 'ఉక్కుతొడ మంత్రి' అని టీవీలు సాయంత్రం దాకా మోగించాయి.

మర్నాడే ఇంజెక్షన్ గదుల మూసివేతకి ఆర్డరొచ్చింది. మొదటి తాళం పెద్దాస్పత్రిలోనే పడింది.

"సార్, మాటిచ్చారు కదా..." అన్నాడు పీఏ.

"నన్నేం చెయ్యమంటావయ్యా? నేనే అంత బాగా పొడుచుకుంటే ఇంకా నర్సులెందుకని క్యాబినెట్ అంతా ఒకటే మాట! డెమో కాస్త తగలబడుంటే మీ ఆవిడ పోస్టు మిగిలేది. అంతా నువ్వు చేసిందే."

వారం తిరక్కుండా మంత్రిగారి కాళ్ళు మోకాళ్ళ దాకా మొద్దుబారాయి. ఈసారి డాక్టరు గట్టిగానే భయపెట్టాడు. ఇలాగే వదిలేస్తే ఇక చక్రాల కుర్చీయేనన్నాడు.

"మీ ఆవిడ ఇప్పుడు ఖాళీయేగా? ఓసారి రమ్మను. ఆవిడ చెయ్యి తేలికట" అన్నారు పీఏతో.

ఆవిడ వచ్చింది. చేతులు కడుక్కుంది, సిరంజిలోకి ఎర్రటి మందు లాగింది, తొడమీద స్పిరిట్ రాసింది. మంత్రిగారు దిండు కొరికి కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"కానివ్వమ్మా!"

ఎంతకీ సూది దిగలేదు. కళ్ళు తెరిచి చూస్తే సిరంజి తన కుడిచేతిలోనే ఉంది. ఆవిడ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే దానిచుట్టూ మడిచిపెడుతోంది.

"టీవీలో చూశాను సార్. మీ అంత చక్కగా నాకు రాదు."

మొగుణ్ణి వెంటబెట్టుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.