రెండు సీట్ల దుప్పటి

ఆ శనివారం పొద్దున ఓర్వల్ డీట్జ్ వేసుకున్న పథకంలో మాట్లాడవలసిన పని ఎక్కడా లేదు. ట్రాక్‌కి వెళ్లి దుప్పటి పరచడం, ఇంటికొచ్చి గడ్డి కోసే యంత్రానికి ఆయిల్ మార్చడం, గుడ్లు వేయించుకుని తినడం, సాయంత్రం మళ్లీ వెళ్లి రేసులు చూడడం. నోరు గుడ్లకు తప్ప దేనికీ తెరవనక్కరలేదు.

కెల్సో ఊరి మట్టి ట్రాక్‌లో ఆ ఏటి మొదటి మిడ్జెట్ రేసులు, అంటే బుల్లి కార్ల పందాలు, ఆ సాయంత్రమే. సగం పొలాల్లో ఇంకా మొక్కజొన్న గింజ పడలేదు. అయినా ఆ రోజు ట్రాక్టర్ ఎక్కే మగవాడు ఇండియానాలో ఆ మూల ఉండడు. ట్రాక్‌లో ఒకటే చట్టం నడుస్తుంది. బల్లమీద దుప్పటి పరిస్తే చోటు నీది. వాన పడినా, దుప్పటి తాలూకు మనిషి జైల్లో పడినా దాన్ని ఎవరూ ముట్టరు. చర్చిలో పక్కవాడి పర్సు కొట్టేసినవాణ్ణి ఆ ఊరు క్షమించింది. పక్కవాడి దుప్పటి జరిపినవాడు మాత్రం ఇల్లు అమ్ముకుని వెళ్లిపోవలసి వచ్చింది.

ఓర్వల్ దుప్పటి పడేది నాలుగో మలుపు దగ్గర, పై వరసలో, చివరి రెండు చోట్లమీద. పెళ్లయిన ఏడు నుంచీ అంతే. మలుపు వైపు భార్య లూయెల్లా, ఇవతల అతను. కిందటి చలికాలంలో లూయెల్లా పోయింది. మనిషి పోయినా చోటు ఆమెదే. అందులో ఇంకొకరు కూర్చోకూడదు. ఓర్వల్ ఆ ఏడాది కోరుకున్నది అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకు తిరగడానికి అదేమన్నా మోకాలి నొప్పా?

గేటు దగ్గర వెండెల్ ఉన్నాడు. పొద్దున గేటు కాపలా, సాయంత్రం మైకులో వ్యాఖ్యానం, రెండూ అతనివే. ఆ రెంటి మధ్యా కూడా నోటికి సెలవివ్వడు.

"రెండు చోట్లకి పరిచావేమిటోయ్?"

"ఎప్పుడూ రెండేగా."

"ఈ ఏడు కొత్త రూలు పెట్టారు. జనం ఎక్కువయ్యారు. మొదటి రేసుకి జెండా ఊపేసరికి మనిషి లేని చోటుంటే దుప్పటి మడిచెయ్యమన్నారు. ఆ రెండో మనిషి ఎవరు?"

ఎవరూ లేరంటే చోటు పోతుంది. నిజం చెబితే వెండెల్ భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి ఎంతసేపుంటుందో, దాని వెనకాల ఎన్ని మాటలొస్తాయో ఓర్వల్‌కి తెలుసు.

"ఆమె వస్తుందిలే," అన్నాడు.

"ఆమే!" అన్నాడు వెండెల్. వెంటనే జేబులో ఫోను కోసం తడుముకున్నాడు.

ఆయిల్ ఫిల్టరు కోసం ఓర్వల్ హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లేసరికి కబురు అతనికంటే ముందే వెళ్లి కూర్చుంది. కొట్టువాడు ఫిల్టరు పొట్లం కడుతూ, చెవుల్లో వెంట్రుకలు కత్తిరించే మిషన్లు కొత్తగా వచ్చాయని చెప్పాడు. ఓర్వల్ వాడి వంక చూశాడు. వాడు ఓర్వల్ చెవుల వంక చూశాడు.

ఇంటికొచ్చేసరికి గడ్డి యంత్రం పక్కన ఆర్డిత్ నిలబడి ఉంది. లూయెల్లా చెల్లెలు. చేతులు నడుం మీద ఉన్నాయి.

"ఎవత్తె అది బావా?"

"ఏది?"

"దుప్పటి సంగతి అడుగుతున్నా."

"దుప్పటి పాతదే."

"దుప్పటి పాతదే, కూర్చోబోయేదే కొత్తది! మా అక్క పోయి ఏడాదన్నా కాలేదు. తోడుగా నేనొస్తానని ఏప్రిల్ నుంచీ మొత్తుకుంటుంటే బల్ల ఇరుకన్నావు. నాకు ఇరుకైంది ఆవిడకి సరిపోయిందా?"

నిజం చెప్పడం అన్నిటికంటే తేలిక. కానీ చోటు ఖాళీ అని తెలిస్తే సాయంత్రానికి ఆర్డిత్ మెత్తతో సహా అందులో ఉంటుంది. రేసులు అయ్యేదాకా తన పిత్తాశయం తీయించుకున్న వైనం చెబుతుంది. ఆపరేషన్‌కి కూడా అంతసేపు పట్టలేదు.

"నీకు తెలియని మనిషిలే," అన్నాడు.

అది పెద్ద తప్పు. కెల్సోలో ఆర్డిత్‌కి తెలియని మనిషి లేదు.

"అయితే పైఊరిదన్నమాట! ఫోన్లో తగులుకుందా? ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగిందా?"

"ఆయిల్ ఒలుకుతోంది. జరుగు."

ఆర్డిత్ జరిగింది. జరిగి జరిగి పాస్టరు గారి ఇంటిదాకా వెళ్లింది. మధ్యాహ్నానికి ఆ ఆడమనిషి ముగ్గురయింది. ఒకర్తి టెర్రె హోట్ ఊళ్లో నర్సు. ఒకర్తి ఇద్దరు మొగుళ్లని పూడ్చిపెట్టిన రష్యావిడ. మూడో ఆవిడ ఎవరో ఇంకా తేలలేదు గాని ఆవిడకి పిల్లులున్నాయి. పాస్టరు గారు ఫోన్ చేసి, మారుమనువు పాపం కాదనీ తొందరపడితేనే పాపమనీ చెప్పారు. ఓర్వల్ ఫోను పెట్టేశాడు. గుడ్లు మాడిపోయాయి.

కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. గడ్డి యంత్రాన్ని ఆయిల్ పోయకుండానే షెడ్డులో పెట్టాడు. మళ్లీ బయటికి తీశాడు. చివరికి, వెండెల్‌ని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేద్దామనీ, వాడు భుజం మీద చెయ్యి వేస్తే వేయనిద్దామనీ నిశ్చయించుకుని ట్రక్కు తీశాడు.

ట్రాక్ గేటు ముందు నెడ్రా వ్యాను బురదలో దిగబడి ఉంది. నెడ్రా ట్రాక్‌లో తిండి కొట్టు నడుపుతుంది. మొగుడు పోయిన మనిషి. చేతుల్లో, రొట్టెపొడి అద్దిన పంది మాంసం ముక్కల పళ్లేలు, పక్కన రొట్టెల పెట్టెలు.

"ఓర్వల్ గారూ, దేవుడిలా వచ్చారు. ఇవి కొట్టుదాకా దింపండి," అంటూ అతను ఔననకముందే పళ్లేలు వెనక పెట్టి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ముందురాత్రి గట్టి వాన పడింది. వానని నమ్మని నీళ్ల ట్రక్కువాడు పొద్దున వచ్చి తన వాటా తాను పోశాడు. ట్రాక్ జావలా ఉంది. రేసులు మొదలవ్వాలంటే దాన్ని చక్రాలతో తొక్కించాలి. అందుకు చక్రాలున్న ప్రతివాడూ రావలసిందే. మైకు గదిలోంచి వెండెల్ చెయ్యి ఊపాడు. గేటు మనిషి ఓర్వల్ ట్రక్కుని తొక్కే బండ్ల వరసలోకి మళ్లించాడు. వెనకాల అప్పటికే ఇంకో ఆరు ట్రక్కులున్నాయి. ఒకసారి ఆ మట్టిలోకి దిగాక తిరగడమే గాని ఆగడం లేదు. ఆగినవాడు దిగబడతాడు.

"కొట్టు అటు కదండీ?" అంది నెడ్రా.

"తెలుసు."

"మనం ఇటు పోతున్నాం."

"అదీ తెలుసు."

ముందుగా వచ్చి కూర్చున్న జనం బల్లలమీద లేచి నిలబడ్డారు. మొదటి చుట్టులో వేళ్లు చూపించుకున్నారు. రెండో చుట్టులో చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో మైకు పలికింది.

"మహాజనులారా! పొద్దుటి నుంచీ ఊరంతా అడుగుతున్న ప్రశ్నకి జవాబు మన ముందే చుట్లు కొడుతోంది. ఓర్వల్ డీట్జ్ గారి రెండో సీటు మనిషి ఎక్కడినుంచో రాలేదండోయ్. మన నెడ్రాయే!"

నెడ్రా మెల్లగా తల తిప్పింది. "వాడేమంటున్నాడు?"

"వాడంతే. ఏదో అంటాడు."

"మీ రెండో సీటులో కూర్చునేది నేనా? నాతో ఒక్క మాటన్నా అన్నారా? అయినా రేసులప్పుడు నేను కూర్చుంటే మాంసం ఎవరు వేయిస్తారు, మీరా?"

"నేను నిన్ను కూర్చోమనలేదు."

"ఏం? నేను పనికిరానా?"

ఓర్వల్ ఇంకో చుట్టు కొట్టాడు.

సరిగ్గా వెనక ట్రక్కులో బర్ల్ ఉన్నాడు. మిడ్జెట్ కారుకి స్టార్టర్ ఉండదు. వెనకనుంచి ట్రక్కుతో తోస్తేనే ఇంజను అందుకుంటుంది. ఆ తోపుడు ట్రక్కు బర్ల్‌ది. ప్రతి శనివారం నెడ్రా కొట్టు దగ్గర నిలబడి "ఆవపిండి ఎక్కువ వెయ్యండి" అంటాడు. ఆమెతో పెళ్లి మాట ఎత్తడానికి అతను పదేళ్లుగా వేస్తున్న పునాది అదే. మైకులో మాట విని అతనికి ఏం చేయాలో పాలుపోలేదు. జీవితంలో ఏ చిక్కొచ్చినా అతనికి తెలిసిన ఉపాయం ఒకటే. ముందున్నదాన్ని తోయడం.

తోశాడు.

ఓర్వల్ ట్రక్కు అది పుట్టినప్పటినుంచీ ఎరగని వేగం అందుకుంది. మూడో మలుపు దాటింది. నాలుగో మలుపు తిరగలేదు. అడ్డంగా జారుతూ వెళ్లి గోడకి ఒరిగి ఇరుసుదాకా దిగబడింది. పళ్లేలు ఎగిరి మాంసం ముక్కలన్నీ మట్టిలో పడ్డాయి. వెనక వస్తున్న బండ్లు ఆగకూడదు గనక వాటిని కూడా శ్రద్ధగా తొక్కించాయి. ఆ సాయంత్రం నాలుగో మలుపులో చక్రానికి మంచి పట్టు దొరికిందని డ్రైవర్లు మెచ్చుకున్నారు.

బర్ల్ బురదలో నడుచుకుంటూ వచ్చి నెడ్రా వైపు తలుపు తెరిచాడు. మొహం బీట్‌రూట్ రంగులో ఉంది.

"దిగండి," అన్నాడు.

"ఎందుకు?"

బర్ల్ ఓర్వల్ వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, మట్టిలో మాంసం వంక చూశాడు. "నా ట్రక్కు ఎక్కండి. ఇవాళే కాదు. రోజూ ఎక్కండి."

నెడ్రా అతన్ని ఎగాదిగా చూసింది. "పదేళ్లు ఆవపిండి అడిగినవాడివి ఈ ముక్క అడగడానికి నా సరుకంతా నేలపాలు చేశావు. మొయ్యి ఆ మిగిలిన పెట్టెలు. పద." దిగి అతని వెంట వెళ్లిపోయింది. ఓర్వల్‌కి కనీసం వస్తానని కూడా చెప్పలేదు.

బల్లలన్నీ ఒక్కసారి నిట్టూర్చాయి. "పాపం పెద్దాయన," అంది మైకు. "పొద్దున దుప్పటి పరిచాడు, సాయంత్రానికి మనిషి జారిపోయింది. ఏం చేస్తాం, రేసన్నాక ఒకరే గెలుస్తారు."

ఆ విధంగా రెండో చోటుకి మనిషి లేదన్న సంగతి ఊరంతటికీ ఒకేసారి తెలిసింది.

ట్రక్కుని గొలుసులు వేసి లాగడం పూర్తయ్యేసరికి పొద్దు వాలుతోంది. బల్లలు కిక్కిరిసి ఉన్నాయి. ఓర్వల్ మెట్లెక్కుతుంటే జనం దారి ఇచ్చారు, జబ్బు మనిషికి ఇచ్చినట్టు. ఎవరో వేరుసెనక్కాయలు ఇవ్వబోయారు. కింద మొదటి రేసు కార్లని బర్ల్ ఒక్కొక్కటిగా తోస్తున్నాడు. ఆ సాయంత్రం అతను తోసిన ప్రతి ఇంజనూ ఒక్క ఊపుకే అందుకుంది. దుప్పటి పక్కన వెండెల్ చేతిలో మైకుతో నిలబడి ఉన్నాడు. అతని వెనకే మెత్త చంకన పెట్టుకుని ఆర్డిత్.

"రూలు రూలే ఓర్వల్," అన్నాడు వెండెల్. "సగం మడవాలి."

"మడవక్కర్లేదు, నేనున్నాగా," అంది ఆర్డిత్. "బావా, జరిగిందేదో జరిగింది. ఇంకేం బాధపడకు. నన్ను కూర్చోనీ. నా పిత్తాశయం అప్పుడు కూడా డాక్టరు ఏమన్నాడో తెలుసా..."

మెత్త బల్లమీదికి దిగుతోంది. ఓర్వల్ దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు.

"అది లూయెల్లా చోటు!" అని అరిచాడు. "ఎవరూ రారు. ఎవర్నీ రమ్మనలేదు. నర్సూ లేదు, రష్యావిడా లేదు. అందులో ఎవరూ కూర్చోకూడదు, అంతే! ఖాళీగా ఉండాలని పరిచాను!"

వెండెల్ మైకు ఆపలేదు. ఆ మాట మూడో మలుపుదాకా వినబడింది.

ముందు వరసలో ఒకాయన టోపీ తీశాడు. అది చూసి మిగిలినవాళ్లూ తీశారు. ఆర్డిత్ మెత్త వెనక్కి తీసుకుని, కళ్లు తుడుచుకుని, నాలుగు వరసల కింద వెళ్లి కూర్చుంది. వెండెల్ ఓర్వల్ భుజం మీద చెయ్యి వేశాడు. అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఉంచాడు. "ఈ చోటు ఈ ఏడంతా లూయెల్లాది," అని మైకులో ప్రకటించాడు. "దీనికి రూలు లేదు."

ఓర్వల్ కూర్చున్నాడు. పక్కన చోటు ఖాళీగా, నిండుగా ఉంది. పొద్దుటినుంచీ పడ్డ పాట్లకి అడిగింది దక్కింది.

జెండా ఊగింది. కార్లు రొదపెడుతూ నాలుగో మలుపులోకి అడ్డంగా జారుతూ వచ్చాయి. వెనక చక్రాలు తడిమట్టిని తవ్వి కంచె మీదుగా ఎత్తి విసిరాయి. అది ఏటవాలుగా ఎగిరి, ఖాళీ చోటు మీదుగా వచ్చి ఓర్వల్ దవడకి తగిలింది. గుప్పెడంత గడ్డ. రెండోది చెవికి తగిలింది. మూడోదానికి అతను నోరు తెరిచి ఉన్నాడు.

అతను అటు ఇటు చూశాడు. మలుపు వైపు వాళ్లందరూ అట్టముక్కలు అడ్డం పెట్టుకుని దించి, పెట్టుకుని దించి చూస్తున్నారు. ఇన్నేళ్లలో తన మీద ఒక్క బెడ్డ పడలేదు. మట్టికి తనంటే గౌరవమనుకున్నాడు.

"ఆర్డిత్!" అని కేకేశాడు. "మీ అక్క చేతిలో ఒక అట్టముక్క ఉండేది, ఎందుకు?"

ఆర్డిత్ వెనక్కి తిరిగింది. "ఎందుకనుకున్నావు?"

"విసురుకోవడానికి."

"స్వెటరు వేసుకుని విసురుకుంటుందా బావా? నీ మీద పడకుండా అడ్డం పెట్టి, ప్రతి ఆదివారం తలంటుకుని మట్టి వదిలించుకునేది. నువ్వేమో అక్కడ కూర్చుంటే మట్టి పడదని ఊరందరికీ చెప్పేవాడివట."

కార్లు మళ్లీ మూడో మలుపులో వినబడ్డాయి. ఓర్వల్ దుప్పటి మీద చేత్తో తట్టాడు.

"ఇలా వచ్చి కూర్చో. పిత్తాశయం సంగతి చెబుదువుగాని."

"అమ్మో, అది మా అక్క చోటు," అంది ఆర్డిత్. "మైకులో కూడా చెప్పారు."

ఆవిడ రాలేదు. మట్టి వచ్చింది.